సీసీ అంటే ఏ సీసీ? రెండక్షరాల మాటను సరిగా చదువుకునే పద్ధతి

హనుమకొండలో మా వీధికి కొంచెం అవతల ఉండే ఒక పెద్దాయన కొన్నేళ్ల కిందట భూమి కాగితాల సంచి చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చి, "సార్, సీసీ తెమ్మన్నరు, ఏడ దొరుకుతది?" అని అడిగాడు. సంచిని చూసి నేను మరో మాట అడగకుండా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు దారి చెప్పాను. ఆయన అక్కడ రుసుము కట్టి, పాత దస్తావేజు నకలు తీసుకొని, వకీలు దగ్గరికి పట్టుకుపోతే, అడిగిన సీసీ అది కాదని తేలింది. పొలం గట్టు దగ్గర జరిగిన కొట్లాట మీద పెట్టిన కేసు మేజిస్ట్రేట్ కోర్టులో ఏ సీసీ నంబరు మీద నడుస్తున్నదో తెలుసుకొని రమ్మని వకీలు చెప్పాడట. ఒక రోజు పని, రానుపోను ఆటో కిరాయి, నకలు రుసుము నా తొందరపాటు మూలంగా పోయాయి. ఆ తప్పు నాదే కాబట్టి, అటువంటిది మరొకరికి జరగకుండా ఉండేందుకు ఈ మాటకు మన ప్రాంతంలో ఉన్న అర్థాలను, వాటిని గుర్తుపట్టే తీరును ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లీషులో సీ అక్షరంతో మొదలయ్యే ఏ రెండు మాటలు పక్కపక్కన చేరినా సీసీ అవుతుంది కాబట్టి అర్థాల పట్టికను బట్టీ పట్టి లాభం లేదు. అంతకంటే తేలికైన ఉపాయం మన భాషలోనే ఉంది. సీసీ అన్న మాట తరువాత వచ్చే క్రియాపదాన్ని పట్టుకుంటే చాలావరకు అర్థం తేలిపోతుంది. సీసీ వేశారంటే రోడ్డు. సీసీ పెట్టారంటే కెమెరా. సీసీ తీశారంటే నకలు. సీసీ పడిందంటే కోర్టు నంబరు. సీసీ కట్టారంటే కరెంటు బిల్లు. సీసీ ఇచ్చారంటే బ్యాంకు అప్పు. సీసీ ఎక్కించారంటే మందు. సీసీ వచ్చాడంటే మనిషి. క్రియాపదం మింగేసి "సీసీ కావాలి" అని మాత్రమే చెప్పినప్పుడే చిక్కంతా వస్తుంది. అప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న "సీసీ అంటే ఏమిటి?" అన్నది కాదు, "ఎవరు అడిగారు, దాన్ని తీసుకొని ఏం చేస్తామన్నారు?" అన్నది. అడిగినవారి కుర్చీ తెలిస్తే అర్థం సగం తెలిసినట్టే.

నకలుగా వచ్చే సీసీ

భూమి, ఇల్లు, వారసత్వం అన్న మాటల దగ్గర వినిపించే సీసీ సాధారణంగా సర్టిఫైడ్ కాపీ, అంటే అధికారి తన ముద్రతో, సంతకంతో "ఇది మా రికార్డులో ఉన్నదానికి సరైన నకలు" అని ధ్రువీకరించి ఇచ్చే ప్రతి. రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర "ఈసీ, సీసీ" అని జంటగా పలకడం అలవాటు కాబట్టి ఈ రెండూ ఒకటే అనుకునేవారు ఎందరో ఉన్నారు. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అనేది ఫలానా ఆస్తి మీద ఫలానా కాలంలో ఏయే లావాదేవీలు నమోదయ్యాయో చూపే జాబితా మాత్రమే. ఎవరు ఎవరికి అమ్మారు, ఏ తేదీన, ఏ నంబరు దస్తావేజు కింద అన్న వివరాలు అందులో వరుసగా ఉంటాయి. ఆ దస్తావేజు లోపల ఏం రాసి ఉందో, హద్దులు ఎట్లా చెప్పారో, దారి హక్కు ఎవరికి వదిలారో తెలియాలంటే సీసీ తీయవలసిందే. కాబట్టి ముందు ఈసీ తీసి, అందులో కనిపించిన దస్తావేజు నంబరును, సంవత్సరాన్ని పట్టుకొని సీసీకి దరఖాస్తు చేయడం సరైన వరుస. మన రాష్ట్రంలో కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఈసీ సమాచారం 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందు కాలానిది కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి.

ఇతరుల దస్తావేజుకు మనకు సీసీ ఇస్తారా అని అనుమానపడేవారు ఉంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకంలోని పత్రాల నకలు రుసుము కట్టి అడిగిన ఎవరికైనా ఇవ్వాలి. వీలునామాలు నమోదయ్యే మూడో పుస్తకం సంగతి వేరు. రాసినవారు బతికి ఉన్నంతకాలం వారికి గానీ, వారు నియమించిన ఏజెంటుకు గానీ తప్ప దాని నకలు మరొకరికి ఇవ్వరు. ఆ తరువాత ఎవరైనా అడగవచ్చు. స్థిరాస్తితో సంబంధం లేని ఇతర పత్రాలకు ఉండే నాలుగో పుస్తకం నుంచి ఆ పత్రం రాసినవారికో, దాని కింద హక్కు చెప్పుకునేవారికో మాత్రమే నకలు ఇస్తారు. కొన్నవారికి జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి ఇచ్చే పత్రం) నకలు దొరక్క, అమ్మినవారి వెంట తిరగవలసి రావడానికి సాధారణంగా ఈ నాలుగో పుస్తకమే కారణం. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాల్లో జరుగుతున్నాయి కాబట్టి, పత్రం ఏ సంవత్సరానిదో చూసుకొని, అది నమోదైన చోటికే పోవాలి.

రెవెన్యూ రికార్డుల విషయంలో మన పెద్దలు సీసీ అనరు, "నఖలు" అంటారు. నిజాం కాలం నుంచి నోళ్లలో నానిన మాట అది. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రికార్డు) నఖలు, సేత్వార్ (సర్వే నాటి మూల భూరికార్డు) నఖలు అని అడిగితే రికార్డు గదిలో ఎవరికైనా అర్థమవుతుంది. వరంగల్ చుట్టుపక్కల భూతగాదాల్లో ఖాస్రా పహాణీ నఖలు ఎంత విలువైనదో ఆ తగాదా పడ్డవారికే తెలుసు. ఈ రెండు మాటలనూ కలిపి "సీసీ నఖలు" అనేవారూ ఉన్నారు. నకలు నకలు అన్నట్టు ఉంటుంది గానీ, దానివల్ల నష్టమేమీ లేదు.

కోర్టులో కూడా ఇదే అర్థంలో సీసీ వాడతారు. తీర్పు సీసీ, డిక్రీ సీసీ, వాంగ్మూలం సీసీ అంటారు. ఇక్కడ ఒక్క సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. అప్పీలు వేసుకోవడానికి గడువు ఉంటుంది. నకలు సిద్ధం కావడానికి పట్టిన రోజులను ఆ గడువు లెక్కలోంచి మినహాయించాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతున్నది. అందుకే కోర్టు ఇచ్చే నకలు మీద దరఖాస్తు చేసిన తేదీ, నకలు తయారైన తేదీ ముద్ర వేసి ఉంటాయి. ఆ ముద్ర ఉన్న పేజీని పోగొట్టుకోకూడదు, దాని మీద గీతలు గీయకూడదు. నకలుకు ఆలస్యంగా దరఖాస్తు చేసినవారికి ఆ ఆలస్యం మినహాయింపు కిందికి రాదు కాబట్టి, తీర్పు వచ్చిన మరునాడే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. క్రిమినల్ కేసులో జైలుశిక్ష పడిన ముద్దాయికి మాత్రం తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి.

నంబరుగా వచ్చే సీసీ

సీసీ తరువాత ఒక అంకె, గీత, సంవత్సరం వరుసగా ఉంటే అది నకలు కాదు, కేసు. అయితే ఏ కేసు అన్నది కోర్టును బట్టి మారుతుంది. నేను పెద్దాయన్ని తప్పుదారి పట్టించింది ఇక్కడే.

మేజిస్ట్రేట్ కోర్టులో సీసీ అంటే క్యాలెండర్ కేసు. పోలీసులు ఎఫ్ఐఆర్ నమోదు చేసినప్పుడు ఇచ్చేది క్రైం నంబరు. అది ఠాణాకు సంబంధించినది. దర్యాప్తు ముగించి ఛార్జిషీటు దాఖలు చేశాక, మేజిస్ట్రేటు దాన్ని విచారణకు స్వీకరిస్తే కోర్టు తన వరుసలో ఒక నంబరు ఇస్తుంది. అదే సీసీ నంబరు. "సీసీ పడిందా?" అని గుమాస్తాలు అడిగేది దీన్నే. ఎఫ్ఐఆర్ ఒక ఏడాదిలో అయి, ఛార్జిషీటు మరుసటి ఏడాదిలో పడితే క్రైం నంబరు పక్కన ఒక సంవత్సరం, సీసీ పక్కన మరో సంవత్సరం ఉంటుంది. ఈ తేడా చూసి ఇవి రెండు వేర్వేరు కేసులని భయపడేవారిని నేను చూశాను. రెండూ ఒకే కేసువి. హత్య వంటి, సెషన్స్ కోర్టు విచారించవలసిన నేరాలకు సీసీ పడదు. మొదట మేజిస్ట్రేటు దగ్గర పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు, తరువాత సెషన్స్ కోర్టుకు పంపాక ఎస్‌సీ (సెషన్స్ కేసు) నంబరు వస్తాయి. ఈ ఎస్‌సీకి కులధ్రువీకరణకు సంబంధం లేదని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను, కానీ దానికీ ఒకసారి తడబాటు జరిగింది.

సీసీ నంబరు తెలియకపోతే ఈకోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకొని, ఠాణా పేరు, క్రైం నంబరు, సంవత్సరం ఇచ్చి వెతకవచ్చు. అక్కడ కనిపించే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరును ఒక చోట రాసి పెట్టుకుంటే, కేసు ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు మారి సీసీ నంబరు కొత్తది పడ్డా దాన్ని పట్టుకొని జాడ తీయవచ్చు.

హైకోర్టులో సీసీ అంటే కంటెంప్ట్ కేసు, అంటే కోర్టు ఉత్తర్వును అమలు చేయనందుకు వేసే ధిక్కార కేసు. వరంగల్ నుంచి హైదరాబాదుకు పోయి రిట్ గెలిచిన ఉద్యోగులకు, భూమి పోయిన రైతులకు ఈ సీసీతో తరచుగా పని పడుతుంది. గెలిచిన ఉత్తర్వు అమలు కాకుండా ఫైలు కిందే ఉంటే, ధిక్కారం జరిగిన నాటి నుంచి ఒక సంవత్సరం లోపలే దీన్ని వేసుకోవాలి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 20వ సెక్షను ఆ గడువు పెట్టింది. "ఈ రోజు కాకపోతే రేపు ఇస్తారులే" అని ఊరుకున్నవారికి ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

జిల్లా వినియోగదారుల కమిషన్లో సీసీ అంటే కన్స్యూమర్ కంప్లైంట్, అంటే వినియోగదారుడు పెట్టుకున్న ఫిర్యాదు. మొలకెత్తని విత్తనం, ఇవ్వని బీమా, అప్పగించని ఫ్లాటు వంటివి ఇక్కడికి వస్తాయి. 2019 నాటి చట్టం కింద సరుకుకో సేవకో చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించకపోతే జిల్లా కమిషన్లోనే వేయవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపల వేయాలి. ఇందులో ఫిర్యాదు చేసినవాడు మనవాడే. కనుక ఎవరైనా "నా మీద సీసీ ఉంది" అంటే మేజిస్ట్రేట్ కోర్టు వైపు, "నేను సీసీ వేశాను" అంటే కమిషన్ వైపో హైకోర్టు వైపో చూడాలి. ఇక్కడ కూడా క్రియాపదమే దారి చూపుతున్నది. క్యాలెండర్ కేసులో వచ్చిన తీర్పుకు నకలు తీస్తే అది సీసీ నంబరు తీర్పు సీసీ అవుతుంది. గుమాస్తా ఈ మాటను తడుముకోకుండా అంటాడు, మనకే ఊపిరి ఆగుతుంది.

రోడ్డు, కెమెరా

ఊళ్లలో "సీసీ వచ్చింది" అంటే వీధికి సిమెంటు కాంక్రీటు రోడ్డు వచ్చిందని అర్థం. దీని గురించి ఎవరూ పొరబడరు కాబట్టి ఎక్కువ చెప్పను. అంచనా కాగితంలో "సీసీ 1:2:4" అని కనిపిస్తే ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర అని చదువుకోవాలి. ఎం20, ఎం30 అని ఉంటే 28 రోజుల తరువాత ఆ కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలో ఆ అంకె చెబుతుంది. ముందు ఆర్ చేరి ఆర్‌సీసీ అయితే లోపల ఇనుప చువ్వలు ఉన్నాయన్నమాట. ఇంటి స్లాబు ఆర్‌సీసీ, వాకిట్లో పోసిన గచ్చు వట్టి సీసీ. మేస్త్రీతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ ఒక్క ఆర్ పడిందో లేదో చూసుకోవాలి. డబ్బులో తేడా చాలా ఉంటుంది.

సీసీ కెమెరాలోని సీసీ క్లోజ్డ్ సర్క్యూట్. టీవీ ప్రసారం లాగా అందరికీ పోకుండా, కెమెరా పట్టిన దృశ్యం నిర్ణయించిన తెరలకు, రికార్డరుకు మాత్రమే పోతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. బజారులో బండి పోయిందో, గొలుసు తెంపుకు పోయారో అన్నప్పుడు "సీసీ తీయించండి" అంటారు. ఇది నకలు తీయించడం కాదు, ఫుటేజీ తీయించడం. రికార్డరు నిండగానే పాతదాని మీద కొత్తది పడుతూ పోతుంది కాబట్టి, ఇక్కడ జాప్యం పనికిరాదు. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి, 30 రోజుల దృశ్యాలు దాచాలని మన దగ్గర 2013 నాటి ప్రజా భద్రతా చర్యల చట్టం ఉంది. చిన్న కొట్టులో పది రోజులు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అదే రోజు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, తేదీ, సమయం, ఏ కొట్టు ముందరి కెమెరా అన్నది అందులోనే రాయాలి. ఫుటేజీని పెన్ డ్రైవులో ఎక్కించుకున్నంత మాత్రాన కోర్టులో సాక్ష్యం కాదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కోరిన ధ్రువపత్రం దానికి జత కావాలి.

డబ్బు దగ్గరి సీసీ

ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల్లో, జిన్నింగు మిల్లుల్లో సీసీ అంటే క్యాష్ క్రెడిట్. సరుకును చూపి బ్యాంకు ఒక పరిమితి మంజూరు చేస్తే, అందులోంచి అవసరమైనప్పుడు తీసుకుంటూ, అమ్మకం డబ్బు రాగానే కడుతూ ఉండే ఖాతా ఇది. మొత్తం పరిమితి మీద కాకుండా, వాడుకున్న సొమ్ము మీద, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. మిర్చి, పత్తి సీజన్లో నిండుగా వాడుకొని, వానాకాలంలో ఖాళీ చేసుకునే వ్యాపారానికి ఇది సరిపోతుంది. కొత్తవారు పొరబడేది పరిమితికి, డ్రాయింగ్ పవర్‌కు ఉన్న తేడా దగ్గర. పరిమితి 20 లక్షలు ఉన్నా, గోదాములోని సరుకు విలువ 16 లక్షలై, బ్యాంకు పెట్టుకున్న మార్జిను 25 శాతమైతే, తీసుకోగలిగింది 12 లక్షలే. నెలనెలా స్టాకు లెక్క ఇవ్వమని బ్యాంకు అడిగేది అందుకే. ఖాతా 90 రోజులకు మించి సరిగా నడవకపోతే మొండి బాకీల్లోకి పోతుంది.

మహిళా సంఘాలవారికి కూడా బ్యాంకు లింకేజీలో టర్మ్ లోను, క్యాష్ క్రెడిట్ అని రెండు రకాలు ఉంటాయి. వారి దగ్గర ఇంకో సీసీ ఉంటారు. మహిళా సంఘాలను నడిపించే ప్రభుత్వ కార్యక్రమమైన ఐకేపీలో గ్రామాలు తిరిగే కమ్యూనిటీ కోఆర్డినేటరు. "సీసీ సారు వచ్చి సీసీ ఇప్పించిండు" అని సంఘం అక్క ఒకరు అంటే మొదటి సీసీ మనిషి, రెండో సీసీ అప్పు. విన్నప్పుడు నవ్వు వచ్చింది గానీ, ఆ వాక్యంలో అనుమానానికి తావే లేదు, ఎందుకంటే వచ్చేదేదో ఇప్పించేదేదో ఆమె విడివిడిగా చెప్పింది.

కరెంటు బిల్లు మీది సీసీ ఛార్జీలు అంటే కరెంటు కన్సంప్షన్ ఛార్జీలు, అంటే వాడిన యూనిట్లకు పడిన సొమ్ము. నక్కలగుట్ట కేంద్రంగా ఉత్తర తెలంగాణ జిల్లాలకు విద్యుత్తు ఇచ్చే సంస్థ బిల్లుల్లో, బకాయి నోటీసుల్లో ఈ మాట కనిపిస్తుంది. ఫిక్స్డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, యూనిట్‌కు ఆరు పైసల సుంకం దీనికి వేరుగా ఉంటాయి. "సీసీ బకాయి" అని నోటీసు వస్తే కోర్టు కేసేమోనని బెదరవలసిన పని లేదు. దాన్ని ఏసీడీతో కూడా కలిపి చూడకూడదు. ఏసీడీ అనేది వాడకం పెరిగినప్పుడు అదనంగా అడిగే డిపాజిట్టు, ఖర్చయిపోయే సొమ్ము కాదు.

కొలతగా వచ్చే సీసీ

సీసీకి ముందు అంకె ఉంటే అది కొలత: క్యూబిక్ సెంటీమీటరు. తరువాత అంకె, సంవత్సరం వస్తే కేసు, ముందు అంకె వస్తే కొలత అన్న ఈ గుర్తు నేను చాలామందికి చెప్పాను, ఇంతవరకు తప్పలేదు.

బండి సీసీ అంటే ఇంజను సిలిండరులో పిస్టను ఒక కొస నుంచి మరో కొసకు కదిలే చోటి ఘనపరిమాణం. అది పెట్రోలు ట్యాంకు కొలతని అనుకునే పిల్లలు ఇంకా ఉన్నారు. లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే స్ప్లెండర్ సిలిండరు అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు, పిస్టను నడక 49.5 మిల్లీమీటర్లు. అడ్డుకొలతను సెంటీమీటర్లలో వర్గం చేసి, 3.1416తో గుణించి, నాలుగుతో భాగిస్తే 19.63, దాన్ని 4.95తో గుణిస్తే 97.2 వస్తుంది. మనం నోటితో "హండ్రెడ్ సీసీ" అనేది ఈ 97.2నే. ఈ అంకె గొప్పకు మాత్రమే కాదు, ఖర్చుకు కూడా లెక్క. థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 75, 150, 350 సీసీల దగ్గర మెట్లు మారుతుంది; 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద జీఎస్టీ 18 శాతం, అంతకు మించితే 40 శాతం అయింది. పదహారేళ్ల పిల్లవాడికి లైసెన్సు ఇచ్చే నిబంధన 50 సీసీ దాటని బండికే వర్తిస్తుంది. దాన్ని చూపి హండ్రెడ్ సీసీ బండి చేతికి ఇవ్వడం చెల్లదు. ఆర్‌సీలో క్యూబిక్ కెపాసిటీ అన్న గడిలో ఉన్న అంకెనే బీమాకు ఇవ్వాలి.

మందు దగ్గరి సీసీ విషయంలో మాత్రం నేను నిక్కచ్చిగా చెబుతాను: రాయకండి. ఒక సీసీ, ఒక మిల్లీలీటరు కచ్చితంగా ఒకటే కొలత. పాత కాలపు డాక్టర్లు, కాంపౌండర్లు "రెండు సీసీలు ఎక్కించు" అనేవారు, ఇప్పటికీ అంటారు. చేతిరాతలో మాత్రం సీసీ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు రెండు సున్నాల లాగానో, యూ అక్షరం లాగానో కనిపించే ప్రమాదం ఉంది. రెండు సీసీ కాస్తా రెండు వందలుగా చదవబడితే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుకే మందుల భద్రత కోసం పనిచేసే సంస్థలు సీసీ బదులు ఎంఎల్ అని రాయమంటాయి.

ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. ఇన్సులిన్‌ను యూనిట్లలో కొలుస్తారు, సీసీల్లో కాదు. మన దగ్గర ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండే మందు, 100 యూనిట్లు ఉండే మందు రెండూ దొరుకుతాయి. 20 యూనిట్లు అంటే మొదటిదానిలో అర సీసీ, రెండోదానిలో సీసీలో ఐదో వంతే. నలభై రకానికి ఎర్ర మూత సిరంజి, వంద రకానికి నారింజ రంగు మూత సిరంజి ఉంటాయి. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె కలిశాయో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. కలవకపోతే మందుల దుకాణానికో డాక్టరు దగ్గరికో తిరిగి పోవాలి తప్ప లెక్క వేసి సరిపెట్టకూడదు.

ఉత్తరం, తెర, మనుషులు

మెయిలులోని సీసీ కార్బన్ కాపీ. 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ కార్బన్ కాగితానికి పేటెంటు తీసుకున్నాడు. టైపు మిషన్లు వచ్చాక అది లేని ఆఫీసు లేకుండా పోయింది. లోయరు, హయ్యరు పరీక్షల కోసం టైపు ఇన్‌స్టిట్యూట్లకు పోయినవారికి రెండు కాగితాల మధ్య కార్బన్‌ను తిరగేసి పెట్టి, పై కాగితం వెనకాలే అచ్చు పడ్డ రోజులు గుర్తుండే ఉంటాయి. కాగితం పోయినా పేరు మిగిలింది. పని చేయవలసినవారిని 'టు' గడిలో, తెలిసి ఉండవలసినవారిని సీసీలో పెట్టాలి. సీసీలో ఉన్నవారి పేర్లు అందరికీ కనిపిస్తాయి, బీసీసీలో ఉన్నవారివి కనిపించవు. అపార్టుమెంటు సంఘం వంటి వాటిలో యాభై మందికి ఒకేసారి రాసేటప్పుడు అందరి చిరునామాలను బయటపెట్టకుండా బీసీసీలో పెట్టడం మర్యాద. సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారికి ఇచ్చే అర్జీలో సీసీ అని రాయవలసిన పని లేదు. కింద "ప్రతులు:" అని రాసి ఎవరెవరికి పంపుతున్నారో చెబితే చాలు, తెలుగులో చక్కని మాట ఉండనే ఉంది.

యూట్యూబు తెర మీది సీసీ గుర్తు క్లోజ్డ్ క్యాప్షన్స్‌ది. అది నొక్కితే మాటలు కింద అక్షరాలుగా వస్తాయి. బొమ్మల కింద, తెలుగు వికీపీడియా పుటల కింద ఉండే సీసీ మాత్రం క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు. "బై" ఉంటే తీసుకున్నవారు కర్త పేరు చెప్పాలి, "ఎస్ఏ" ఉంటే మార్చి ప్రచురించినదాన్నీ అదే షరతు మీద ఇవ్వాలి, "ఎన్‌సీ" ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఊరికే దొరికింది కదా అని పేరు తీసేసి పెట్టుకోవడం ఆ లైసెన్సు ఒప్పుకోదు.

కలెక్టరేటులో "సీసీ గారిని కలవండి" అంటే క్యాంపు క్లర్కు. వార్తాపత్రికలో "సీసీ సభ్యుడు" అంటే సాధారణంగా మావోయిస్టు పార్టీ కేంద్ర కమిటీ సభ్యుడు. ఈ రెండింటినీ కలగలిపే అవకాశం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

చివర ఒక్క అక్షరం చేరితే

సీసీకి ఐ చేరితే మన ప్రాంతంలో మొదట గుర్తుకొచ్చేది పత్తి కొనే సీసీఐ, అంటే 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ. 8 శాతం తేమ ఉన్న పత్తికి పూర్తి మద్దతు ధర, 12 శాతం దాటితే కొనరన్నది రైతులకు కంఠతా వచ్చిన లెక్క. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలు ధర 8,110 రూపాయలు. అయితే ఆదిలాబాద్ పోయి "సీసీఐ ఎక్కడ?" అని అడిగితే "ఏ సీసీఐ?" అన్న ఎదురు ప్రశ్న రావచ్చు. అక్కడ మూతపడి ఉన్న సిమెంటు కర్మాగారం కూడా సీసీఐయే. 1965లో మొదలైన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాది. ఆ జిల్లాలో "సీసీఐ తెరవాలి" అన్న నినాదం ఉద్యమకారులు అంటే సిమెంటు గురించి, దీపావళి ముందర రైతులు అంటే పత్తి కొనుగోలు కేంద్రం గురించి. వ్యాపార వార్తల్లో కంపెనీలకు జరిమానా వేసే సీసీఐ ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్; దానికి పత్తితోనూ సిమెంటుతోనూ పుట్టుకలో సంబంధం లేదు, సిమెంటు కంపెనీలు కుమ్మక్కైనప్పుడు తప్ప.

మనం రాసేటప్పుడు

చదివేటప్పుడు పడిన అవస్థ మన కాగితం చదివేవారికి పెట్టకుండా ఉండాలంటే, మొదటిసారి పూర్తి మాట రాసి, ఆ తరువాత కావాలంటే సీసీ అనవచ్చు. ఒకే దరఖాస్తులో రెండు రకాల సీసీలు వస్తే రెండింటిలో ఒకదాన్ని తప్పకుండా పూర్తిగా రాయాలి. "సీసీ 214 కేసులో సీసీ ఇప్పించగలరు" అనే బదులు "ఫలానా మేజిస్ట్రేట్ కోర్టు, క్యాలెండర్ కేసు నంబరు 214, ఫలానా సంవత్సరం, తీర్పు ధ్రువీకృత నకలు ఇప్పించగలరు" అని రాస్తే ఎవరూ తిరిగి అడగరు. నోటితో చెప్పేటప్పుడు క్రియాపదాన్ని మింగకూడదు. పెద్దవారిని ఆఫీసుకు పంపేటప్పుడు చీటీ మీద మూడు సంగతులు రాసి ఇవ్వాలి: అడిగినవారు ఎవరు, ఏ ఆఫీసులోని రికార్డు, దాని నంబరు, సంవత్సరం. మా పెద్దాయన రెండోసారి వచ్చినప్పుడు నేను అట్లాంటి చీటీ రాసి, ఠాణా పేరు, క్రైం నంబరు కూడా కింద వేసి ఇచ్చాను. మధ్యాహ్నానికల్లా సీసీ నంబరు చీటీ వెనక రాయించుకొని వకీలుకు ఇచ్చి వచ్చాడు.